నార్ఫోక్ రేవు పట్టణాన్ని తగలబెట్టింది ఎవరు? పాఠం సరిదిద్దుకోవాలి, సాయం చేయగలరు

బరంపురం బడిపంతులు (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. నేను బరంపురంలో సాంఘిక శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిని. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు మాట్లాడే మా వీధి పిల్లలను ఆదివారాలలో మా అరుగు మీద కూర్చోబెట్టుకుని తెలుగులో చరిత్ర చెబుతున్నాను. చదవడం రాకపోయినా వినడం వచ్చు కదా అన్న ఆశతో మొదలుపెట్టిన పని ఇది. ఇప్పుడు పన్నెండు మంది వస్తున్నారు.

రెండు వారాల క్రితం అమెరికా స్వాతంత్ర్య పోరాటం చెబుతూ, వర్జీనియాలోని నార్ఫోక్ అనే రేవు పట్టణాన్ని 1776 జనవరి 1న బ్రిటిష్ యుద్ధనౌకలు ఫిరంగులతో కాల్చి బూడిద చేశాయనీ, ఆ మంటలు చూసిన తర్వాతే అక్కడి జనంలో రాజు మీద మిగిలిన కాస్త భక్తి కూడా చచ్చిపోయిందనీ చెప్పాను. నేను ఉద్యోగంలో ఉన్న రోజులలో రాసుకున్న నోట్సులో అలాగే ఉంది. ముప్పై ఏళ్లు అలాగే చెప్పాను. మొన్న ఆదివారం తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి నా దగ్గరకు వచ్చి, "మాస్టారూ, ఆ ఊరిని ఎక్కువగా కాల్చింది ఇంగ్లీషు వాళ్లు కాదట, స్వాతంత్ర్యం కోరిన వాళ్ల సైనికులేనట, నిజమేనా?" అని అడిగింది. నాకు జవాబు తెలియలేదు. తెలుసుకుని వచ్చే ఆదివారం చెబుతానని మాట ఇచ్చాను.

నేను అడగదలచుకున్నవి ఇవి. ఆ అమ్మాయి చదివినది నిజమేనా? నిజమైతే, ఎవరు ఎంత కాల్చారో అంత కచ్చితంగా ఎలా తెలిసింది? తమ స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న సైనికులు తమ రాష్ట్రంలోనే అతి పెద్ద పట్టణాన్ని ఎందుకు తగలబెడతారు? ఈ మూడో ప్రశ్నే నన్ను నిద్ర పోనివ్వడం లేదు. పిల్లలకు తప్పు చెప్పానన్న బాధ ఉంది కనుక, దయచేసి గట్టిగా తెలిసిన విషయాలే రాయండి.

పర్లాకిమిడి పాత పాఠకుడు:

మాస్టారూ, నమస్కారం. మీ నోట్సు అబద్ధం కాదు, అసంపూర్తి. ఫిరంగులు పేలాయి, బ్రిటిష్ నావికులు ఒడ్డుకు దిగి నిప్పు పెట్టారు, ఇవి రెండూ జరిగినవే. కానీ ఊరు బూడిద కావడానికి కారణం వాళ్లు పెట్టిన నిప్పు ఒక్కటే కాదు, అందులో వాళ్ల వాటా చాలా తక్కువ. ఆ సంగతికి ముందు ఆ ఊరు ఎలాంటిదో చెప్పుకోకపోతే మీ మూడో ప్రశ్నకు జవాబు దొరకదు.

వర్జీనియా పొగాకు దొరల దేశం. పెద్ద నదులు లోపలిదాకా పారుతాయి కనుక ఒక్కొక్క దొరకు తన తోట పక్కనే సొంత రేవు ఉండేది. ఓడ తోట దగ్గరకే వచ్చి పొగాకు ఎత్తుకుపోయేది. అందుచేత అక్కడ పట్టణాలు పెరగలేదు. నార్ఫోక్ ఒక్కటే అందుకు భిన్నం. చెసపీక్ అఖాతం ముఖద్వారానికి దగ్గరగా, ఎలిజబెత్ నది ఒడ్డున ఉన్న ఆ ఊరు వెస్టిండీస్ దీవులతో వ్యాపారం చేసి బతికింది. మొక్కజొన్న, ఉప్పు వేసిన మాంసం, కలప, తారు అక్కడికి పోయేవి. చక్కెర, బెల్లపు పాకం, రమ్ము అక్కడి నుంచి వచ్చేవి. సుమారు 6,000 జనాభాతో వర్జీనియాలో అదే అతి పెద్ద పట్టణం. అక్కడి వర్తకులలో చాలామంది స్కాట్లండు నుంచి వచ్చినవారు, రాజు పక్షం వారు. లోపలి తోటల దొరలు స్కాటిష్ వర్తకులకు అప్పులు పడి ఉండేవారు. మన గంజాం పల్లెల రైతుకూ సంతలో అప్పు ఇచ్చే షావుకారుకూ మధ్య ఉండే చూపు మీకు తెలియనిది కాదు. ఆ చూపును యుద్ధకాలంలో ఊహించుకోండి. నార్ఫోక్ అంటే శత్రువుల గూడు అన్న మాట తిరుగుబాటుదారుల నోళ్లలో మంటలకు చాలా ముందే పడింది.

ఆ కాలపు గవర్నరు లార్డ్ డన్మోర్. 1775 ఏప్రిల్ 21న తెల్లవారకముందే రాజధాని విలియమ్స్‌బర్గ్ మందుగుండు కొట్టు నుంచి తుపాకి మందును రహస్యంగా ఓడకు ఎక్కించి జనం కోపానికి గురయ్యాడు. జూన్ 8న కుటుంబంతో ఊరు విడిచి యుద్ధనౌక ఎక్కాడు. ఆ తర్వాత నార్ఫోక్ రేవునే తన స్థావరం చేసుకున్నాడు. సెప్టెంబరు 30న అతని మనుషులు ఒడ్డుకు దిగి, గవర్నరును విమర్శిస్తున్న పత్రిక అచ్చుయంత్రాన్ని పట్టపగలే ఎత్తుకుపోయారు. నవంబరులో తిరుగుబాటుదారుల బానిసలు తన సైన్యంలో చేరితే స్వేచ్ఛ ఇస్తానని ప్రకటించాడు. డిసెంబరు 9న నార్ఫోక్‌కు దక్షిణంగా చిత్తడి నేలల మధ్య గ్రేట్ బ్రిడ్జ్ అనే వంతెన దగ్గర జరిగిన పోరాటంలో అతని సైనికులు ఇరుకైన గట్టు మీదుగా ఎదురుగా నడిచి వెళ్లి తుపాకులకు బలైపోయారు. ముందు నడిచిన కెప్టెన్ ఫోర్డైస్ అక్కడే చనిపోయాడు. అరగంటలో ముగిసిన ఆ పోరులో అవతలి పక్షంలో గాయపడ్డవాడు ఒక్కడే.

డన్మోర్ ఊరు వదిలి నౌకలలోకి చేరాడు. రాజభక్తుల కుటుంబాలు కూడా చేతికి అందినవి మూట కట్టుకుని ఓడలెక్కాయి. డిసెంబరు మధ్యలో వర్జీనియా సైన్యంతో కర్నల్ వుడ్‌ఫర్డ్, ఉత్తర కరోలినా సైన్యంతో కర్నల్ రాబర్ట్ హౌ ఊరిలోకి ప్రవేశించారు. పెత్తనం హౌ చేతికి వచ్చింది. రేవులో లివర్‌పూల్, కింగ్‌ఫిషర్, ఆటర్ అనే యుద్ధనౌకలు, వాటితో పాటు డన్మోర్ ఉన్న ఓడ. ఒడ్డున ఊరినిండా కోపంతో ఉన్న సైనికులు. మధ్యలో కొద్ది గజాల నీరు.

డిసెంబరు 30న లివర్‌పూల్ కెప్టెన్ హెన్రీ బెల్యూ ఒడ్డుకు ఒక లేఖ పంపాడు. మీ కావలివాళ్లు నా కళ్లెదుట కవాతు చేయవద్దనీ, స్త్రీలు, పిల్లలు ఊరు విడిచి వెళ్లడం మంచిదనీ దాని సారాంశం. కవాతు ఆగలేదు. 1776 జనవరి 1న మధ్యాహ్నం మూడు దాటిన తర్వాత వందకు పైగా ఫిరంగులు ఒక్కసారిగా మోగాయి. ఆ మోత రాత్రిదాకా సాగింది. పడవలలో నావికులు దిగి, తిరుగుబాటు సైనికులు దాక్కుని తుపాకులు పేలుస్తున్న రేవు పక్క గిడ్డంగులకు నిప్పు పెట్టారు. మీ నోట్సు ఇక్కడితో ఆగిపోయింది.

ఆ తర్వాత జరిగినది ఇది. ఒడ్డున ఉన్న సైనికులు ఆ మంటలను ఆర్పలేదు. రాజభక్తుల ఇళ్లతో మొదలుపెట్టి తామే ఇల్లిల్లూ తిరిగి దోచుకుని నిప్పు పెట్టారు. రమ్ము కాచే బట్టీలు, నిల్వ గిడ్డంగులు చేతికి చిక్కాయి; తాగిన సైనికులను అదుపు చేసే ప్రయత్నం గట్టిగా జరగలేదు. మూడు రోజులు ఊరు మండింది. మంట చల్లారేసరికి మూడింట రెండు వంతుల ఊరు లేదు.

ఇక లెక్క సంగతి. 1777లో వర్జీనియా శాసనసభ స్వయంగా ఒక విచారణ సంఘాన్ని నియమించింది. ఊరి వారి నష్టాలు తేల్చడం దాని పని. సాక్షులను ప్రమాణం చేయించి విచారించి, కాలిన కట్టడాలను ఎవరు కాల్చారన్న దానిని బట్టి వేరు చేసి రాసింది. 1775 నవంబరు చివర డన్మోర్ మనుషులు నాశనం చేసినవి 32. జనవరి 1న బ్రిటిష్ వారు కాల్చినవి 19. ఆ జనవరిలోనే వర్జీనియా పక్షపు సైనికులు కాల్చినవి 863. ఫిబ్రవరిలో వర్జీనియా ప్రతినిధుల మహాసభ ఆజ్ఞ మీద పద్ధతి ప్రకారం తగలబెట్టినవి 416. ఈ అంకెలు గెలిచిన పక్షం తన కోసం తానే వేయించిన లెక్కలోవి కనుక, వీటిని శత్రువుల కల్పన అని తోసిపుచ్చడానికి వీలులేదు. మీ శిష్యురాలు చదివినది నిజం.

గోపాలపురం లంగరు:

మాస్టారికి నమస్కారం. పాత పాఠకుడు గారు చెప్పిన దానికి ఓడల వైపు నుంచి రెండు మాటలు కలుపుతాను. మా తాతలు గోపాలపురంలో మసులా పడవలు నడిపినవారు. ఇక్కడ సహజమైన నౌకాశ్రయం లేదు కనుక రంగూను ఓడలు దూరంగా సముద్రంలోనే లంగరు వేసేవనీ, మనుషులూ సరుకులూ పడవల మీద అలలు దాటి వెళ్లాలనీ, ఒడ్డు నుంచి పడవ కదలకపోతే ఎంత పెద్ద ఓడైనా నిస్సహాయంగా నిలబడాల్సిందేననీ మా ఇంట్లో చెప్పుకునేవారు. ఆ పాత రేవు గిడ్డంగుల గోడలు ఇప్పటికీ తీరం మీద శిథిలాలుగా ఉన్నాయి. వాటిని చూస్తూ పెరిగినవాడికి నార్ఫోక్ డిసెంబరు సులభంగా అర్థమవుతుంది.

యుద్ధనౌక నీటి మీద రాజు కావచ్చు, కానీ తాగే నీరు ఒడ్డునే ఉంటుంది. తాజా కూరలు, మాంసం, వంటచెరకు అన్నీ ఒడ్డు నుంచే రావాలి. డన్మోర్ నౌకల గుంపులో సైనికులు మాత్రమే లేరు; ఊరు విడిచి వచ్చిన కుటుంబాలు, పసిపిల్లలు, ముసలివారు, స్వేచ్ఛ కోసం పారిపోయి వచ్చిన నల్లజాతి వారు ఇరుకిరుకుగా ఉన్నారు. హౌ, వుడ్‌ఫర్డ్ ఒడ్డు నుంచి ఒక్క గింజ కూడా పోనివ్వబోమన్నారు. పైగా రేవు పక్క ఇళ్ల నుంచి సైనికులు ఓడల మీదికి తుపాకులు పేలుస్తూ, రెచ్చగొట్టే మాటలు అరుస్తూ ఉండేవారు. కెప్టెన్ బెల్యూ లేఖ ఈ ఒత్తిడిలో రాసినది. అతడు చేసినది సరైనదని నేను అనడం లేదు. ఆ రోజు హఠాత్తుగా పుట్టిన కోపం కాదు అని మాత్రం అంటున్నాను.

రెండో మాట ఫిరంగి గుండు గురించి. మాస్టారి నోట్సులో ఉన్న "ఫిరంగులతో కాల్చి బూడిద చేశారు" అన్న వాక్యంలోనే చిక్కు ఉంది. ఆనాటి నౌకల మీద ఎక్కువగా వాడేది గట్టి ఇనుప గుండు. అది గోడను పగులగొడుతుంది, దూలాన్ని విరుస్తుంది, మనిషిని చంపుతుంది. కానీ దానంతట అది ఇంటిని అంటించదు. గుండును ఎర్రగా కాల్చి పేల్చే పద్ధతి ఉన్నా, చెక్క ఓడ మీద మందుగుండు పక్కన కొలిమి పెట్టడం ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. ఇల్లు కాలాలంటే ఎవరో ఒకరు నిప్పు పట్టుకుని ఇంటిదాకా నడవాలి. బ్రిటిష్ వారు పడవలు దింపినది అందుకే. వాళ్లు నడవగలిగినది రేవు అంచు వరకే, ఎందుకంటే లోపల వందల తుపాకులు ఉన్నాయి. లోపలి వీధులలో ఇల్లిల్లూ తిరిగే వ్యవధి ఉన్నది ఒడ్డున ఉన్న సైన్యానికే. 19కీ 863కీ మధ్య తేడా ఇక్కడ ఉంది.

అన్నీ చెక్క ఇళ్లు, తారు పీపాలు, కర్పూర తైలం గిడ్డంగులు. ఒకసారి అంటుకుంటే అలాంటి ఊరిని ఆపడం కష్టమే, ఒప్పుకుంటాను. అయినా ఆపడానికి ప్రయత్నించడం వేరు, కొత్తగా అంటించడం వేరు.

బరంపురం బడిపంతులు:

ఇద్దరికీ ఎన్ని నమస్కారాలు చెప్పినా తక్కువే. అంకెలు కాగితం మీద రాసుకుని రెండుసార్లు కూడాను. 51 ఒక వైపు, 1,279 ఒక వైపు. ముప్పై ఏళ్లు నేను చెప్పిన వాక్యం ఆ 51లోని 19 గురించి మాత్రమేనన్న మాట.

మరి రెండు సందేహాలు మిగిలాయి. తాగిన సైనికులు జనవరిలో దోచుకుని కాల్చారంటే అది మనిషి బలహీనత అనుకోవచ్చు. ఫిబ్రవరిలో ప్రతినిధుల సభ కూర్చుని, ఆలోచించి, మిగిలిన ఊరిని కూడా కాల్చమని ఆజ్ఞ ఇవ్వడం ఏమిటి? రెండోది, స్వాతంత్ర్య ప్రకటనలో రాజు మా పట్టణాలను కాల్చాడు అన్న ఆరోపణ ఉందని నాకు బాగా గుర్తు. అది రాసినవారికి నార్ఫోక్ నిజం తెలియదా?

రాయగడ నుంచి సరస్సు:

మాస్టారూ, మీ సందేహాలకు పాత పాఠకుడు గారు నాకంటే బాగా చెప్పగలరు. ఈ లోగా ఇంతవరకు ఎవరూ ఆగి చూడని మనుషుల గురించి రాయాలని ఉంది. లంగరు గారు ఒక్క వాక్యంలో ప్రస్తావించారు, అది చాలదు.

డన్మోర్ ప్రకటన మీద ఉన్న తేదీ 1775 నవంబరు 7. అతడు ఓడ మీదనే ఉండి రాసినది, వారం తర్వాత బయటకు వచ్చింది. దానిలోని స్వేచ్ఛ అందరికీ కాదు. తిరుగుబాటుదారుల సొత్తుగా ఉన్నవారికి, అందులోనూ ఆయుధం పట్టగలవారికి మాత్రమే. రాజభక్తుల బానిసలు బానిసలుగానే ఉండాలి. డన్మోర్ తానే బానిసలు ఉన్న యజమాని. అయినా ఆ వార్త విన్నవారు పడవలు దొంగిలించి, చీకటిలో నదులు దాటి, భార్యలతో, పిల్లలతో వచ్చారు. వందల మంది వచ్చారు. పట్టుబడితే ఏమవుతుందో తెలిసీ వచ్చారు. వారితో అతడు ఎథియోపియన్ రెజిమెంట్ అనే దళాన్ని కట్టాడు. గ్రేట్ బ్రిడ్జ్ దగ్గర వారిలో కొందరు పోరాడారు కూడా.

నార్ఫోక్ మండినప్పుడు వారు ఆ ఓడలలో ఉన్నారు. ఆ తర్వాత నెలల తరబడి అదే ఇరుకులో ఉన్నారు. మసూచి వ్యాపించింది. నేను ఆసుపత్రిలో నర్సుగా ఎక్కువ కాలం పనిచేసినదాన్ని. గాలి తగలని చోట, చాలని నీటితో, చాలని తిండితో, మునుపు ఆ జబ్బు సోకని మనుషులను కుక్కితే ఏమవుతుందో నాకు పుస్తకం చూసి తెలుసుకోవలసిన పని లేదు. 1776 వేసవిలో డన్మోర్ గ్విన్ ద్వీపం మీద దిగినప్పుడు అక్కడ వందల మందిని పూడ్చిపెట్టారు. జూలైలో తిరుగుబాటుదారుల ఫిరంగులు అతడిని అక్కడి నుంచి తరిమిన తర్వాత ఆ ద్వీపం మీద అడుగుపెట్టిన సైనికులు చూసిన దృశ్యం సమాధులు, ఇంకా ప్రాణం పోని రోగులు. ఆగస్టులో అతడు వర్జీనియా విడిచి వెళ్లినప్పుడు అతని వెంట ఓడలలో బయటపడిన నల్లజాతి వారు సుమారు 300 మంది.

నార్ఫోక్‌లో ఎన్ని ఇళ్లు కాలాయో ఒక్కొక్కటి లెక్కపెట్టారు, ఎవరు కాల్చారో కూడా రాశారు. ఆ ఓడలలో పోయినవారి పేర్లు ఎవరూ అంత శ్రద్ధగా రాయలేదు. మీ అరుగు మీద పిల్లలకు ఇళ్ల లెక్క చెప్పిన రోజునే వీరి సంగతి కూడా చెప్పమని నా మనవి. దేశం విడిచి ఓడ ఎక్కడం అంటే ఏమిటో మన తీరపు పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. రంగూను వెళ్లి తిరిగి రాని పెద్దతాతలు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు.

పర్లాకిమిడి పాత పాఠకుడు:

అమ్మా, మీరు రాసినది చదివిన తర్వాత నా మొదటి జవాబులో బానిసల ప్రస్తావనను ఒక్క వాక్యంతో దాటవేసినందుకు చింతిస్తున్నాను. వర్జీనియా దొరలను అన్నిటికంటే ఎక్కువ రగిల్చినది ఆ ప్రకటనే. అంతవరకు ఎటూ తేల్చుకోలేక ఊగిసలాడిన వారిలో చాలామంది దాని తర్వాత తిరుగుబాటు పక్షాన చేరారు. అందుచేత నార్ఫోక్ కథలో అది పక్క విషయం కాదు, నడిబొడ్డు విషయమే.

మాస్టారి ఫిబ్రవరి సందేహానికి వస్తాను. కర్నల్ హౌ నార్ఫోక్‌లో అడుగుపెట్టిన కొద్ది రోజులకే విలియమ్స్‌బర్గ్‌లోని మహాసభకు తన అభిప్రాయం చెప్పాడు. నీటి మీద బలం లేని మనం ఈ ఊరిని నిలుపుకోలేము. మనం వదిలితే శత్రువు చలికాలమంతా ఇక్కడే బస చేసి, మంచి రేవును, మంచి ఇళ్లను వాడుకుని, రాష్ట్రమంతటినీ పీడిస్తాడు. కనుక మనకు లేని ఊరు అతనికీ ఉండకూడదు. జనవరి మంటలలో అప్పటికే చాలా భాగం పోయింది కనుక మిగిలినదాని మీద దయ చూపవలసిన కారణం మహాసభకు కనిపించలేదు. ఫిబ్రవరి మొదటి వారంలో సైన్యం మిగిలిన 416 కట్టడాలను కాల్చి, చుట్టుపక్కల గ్రామాలలోని స్థావరాలకు వెనక్కి తగ్గింది. ఈసారి తాగుడు లేదు, కోపం లేదు. ఇంటి యజమాని రాజభక్తుడా, తిరుగుబాటు పక్షమా అన్న తేడా కూడా లేదు. తమ పక్షం వారి ఇళ్లు కూడా అందులో పోయాయి.

ఇది మనకు తెలియని తర్కం కాదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాను విమానాలు బాంబులు వేసినప్పుడు మన తీరమంతా ఎంత భయపడిందో పెద్దల నోట మనమందరం విన్నాం. ఆ ఏడాదే, జపాను సైన్యం దిగితే దాని చేతికి చిక్కకూడదని బెంగాలు తీరంలో వేల పడవలను ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది, నాశనం చేసింది. శత్రువు రానేలేదు. పడవ మీద బతికే జాలరి, పడవలో ధాన్యం తరలించే రైతు మాత్రం దిక్కులేనివారయ్యారు. హౌ తర్కం యుద్ధశాస్త్రం ప్రకారం తప్పని నేను అనలేను. డన్మోర్ తర్వాత ఆ చుట్టుపక్కలకు తిరిగి వచ్చి, నది అవతల స్థావరం వేసుకున్న మాట నిజం, అయితే వసంతకాలం ముగిసేలోగా అక్కడి నుంచి కదలక తప్పలేదు. కానీ ఆ తర్కానికి ధర చెల్లించినది ఫిబ్రవరి చలిలో ఇల్లు లేకుండా మిగిలిన నార్ఫోక్ జనం. ఈ రెండూ కలిపి చెబితేనే పిల్లలకు పూర్తి చిత్రం అందుతుందని నా అభిప్రాయం.

స్వాతంత్ర్య ప్రకటన సంగతి. రాజు మా తీరాలను ధ్వంసం చేశాడు, మా పట్టణాలను కాల్చాడు అన్న ఆరోపణ దానిలో ఉంది, మీ జ్ఞాపకం సరైనదే. అది అబద్ధం కాదు. 1775 జూన్ 17న బంకర్ హిల్ పోరాటంలో చార్లెస్‌టౌన్‌ను బ్రిటిష్ వారే కాల్చారు. అదే ఏడాది అక్టోబరు 18న కెప్టెన్ హెన్రీ మోవాట్ తన నౌకలతో వచ్చి, ముందుగా గడువు చెప్పి మరీ ఫాల్మత్ పట్టణాన్ని రోజంతా కాల్చాడు. నాలుగు వందలకు పైగా కట్టడాలు పోయాయి. ఇప్పుడు మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ అదే ఊరు. ఫాల్మత్ విషయంలో నింద ఎవరిదన్న తగాదా లేదు. నార్ఫోక్ వార్త దాని వెనుకే రెండున్నర నెలలకు వచ్చింది కనుక దానిని కూడా అదే వరుసలో చేర్చుకోవడం జనానికి సహజంగా తోచింది. జార్జ్ వాషింగ్టన్ జనవరి నెలాఖరున రాసిన ఒక లేఖలో ఫాల్మత్, నార్ఫోక్ రెండింటినీ కలిపి, ఇలాంటి మండే వాదనలు మరికొన్ని ఉంటే విడిపోవాలా వద్దా అన్న సంశయం ఎవరికీ మిగలదన్న అర్థంలో రాశాడు. ఆయన అప్పుడు వందల మైళ్ల దూరంలో బోస్టన్ ముట్టడిలో ఉన్నాడు. ఆయనకు అందిన వార్త ఏదో దానిని బట్టి రాశాడని నేను అనుకుంటున్నాను.

కానీ నార్ఫోక్‌లో నిలబడి చూసిన అధికారులకు తెలుసు, విలియమ్స్‌బర్గ్‌లో ఆజ్ఞ ఇచ్చిన వారికి తెలుసు. పత్రికలలో మాత్రం డన్మోర్ పేరే మోగింది. 1777 విచారణ సంఘం లెక్క కూడా వెంటనే జనంలోకి రాలేదు. అది అచ్చయి బయటపడేసరికి 1836 వచ్చింది. అప్పటికి ఆ మంటలు చూసిన తరం దాదాపు వెళ్లిపోయింది. మీ నోట్సులోని వాక్యం ఆ అరవై ఏళ్లలో గట్టిపడిన వాక్యం, మాస్టారూ. మీ ఒక్కరి తప్పు కాదు.

కాల్చినవాడు ఎవరని అంత విడదీసి ఎందుకు లెక్కపెట్టారని మీ పిల్లలు అడగవచ్చు. నష్టపరిహారం కోసం. శత్రువు కాల్చిన ఇంటికి శత్రువు బాధ్యుడు; రాష్ట్రం ఆజ్ఞ ఇచ్చి కాల్పించిన ఇంటికి రాష్ట్ర ఖజానా జవాబు చెప్పాలి. ఇల్లు పోగొట్టుకున్నవాడికి ఆ తేడా కీర్తికి సంబంధించినది కాదు, కూటికి సంబంధించినది. అందుకే సాక్షులు వచ్చి, ఫలానా వీధిలో ఫలానా ఇంటికి మన సైనికులే నిప్పు పెట్టడం నేను చూశానని ప్రమాణం చేసి చెప్పారు.

గోపాలపురం లంగరు:

మాస్టారూ, పిల్లలకు చూపించడానికి ఒక సంగతి. నార్ఫోక్‌లో 1739లో కట్టిన సెయింట్ పాల్ చర్చి గోడలు ఆ మంటలలో నిలిచాయి. యుద్ధానికి ముందటి ఊరిలో ఇప్పటికీ నిలబడి ఉన్నది దాదాపు అదొక్కటే. దాని గోడలో ఒక ఫిరంగి గుండు ఇప్పటికీ కనిపిస్తుంది, చిత్రాలు సులభంగా దొరుకుతాయి. ఆ గుండు చూసినవాడికి బ్రిటిష్ ఫిరంగి గుర్తుకు వస్తుంది. చేతి కాగడాలు ఏ గోడలోనూ గుచ్చుకుని మిగలవు కదా. ఆ కథ అంత కాలం ఒకవైపే నిలవడానికి ఇది కూడా ఒక కారణమని నాకు తోస్తుంది.

ఇంకొక మాట. ఊరు చావడానికి మంటే అక్కరలేదు. ఋషికుల్య ఒడ్డున మన గంజాం పట్టణం ఒకప్పుడు జిల్లా కేంద్రం. 1815లో వచ్చిన జ్వరాలకు జనం సగం పోయి, మిగిలినవారు కదిలి, కచేరీలు మీ బరంపురం వైపు తరలిపోయాయి. ఆ తర్వాత అది కోలుకోలేదు. నార్ఫోక్ అలా కాలేదు. బూడిద మీదనే మళ్లీ కట్టుకున్నారు. ఇవాళ అమెరికా నౌకాదళానికి అన్నిటికంటే పెద్ద స్థావరం అక్కడే ఉంది. రేవు మంచిదైతే ఊరు తిరిగి వస్తుంది. కర్నల్ హౌ భయపడినది కూడా ఆ మంచి రేవును చూసే.

బరంపురం బడిపంతులు:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి పాత నోట్సు తీసి, ఆ పేజీ కొట్టివేయకుండా దాని ఎదుటి పేజీలో కొత్తగా రాసుకున్నాను. వచ్చే ఆదివారం బల్ల మీద 32, 19, 863, 416 అని నాలుగు అంకెలు రాసి, ఎవరివో చెప్పకుండా, ఏది ఎవరు కాల్చి ఉంటారో ముందు పిల్లలనే ఊహించమంటాను. ఆ తర్వాత ప్రశ్న అడిగిన అమ్మాయినే లేచి అసలు సంగతి చెప్పమంటాను. ఆమె తెచ్చిన సంగతి కనుక ఆమె నోటితోనే వినిపించడం న్యాయం. నేను తప్పు చెప్పానన్న మాట కూడా వారి ముందే ఒప్పుకుంటాను.

రాయగడ అమ్మగారు చెప్పిన ఓడల సంగతికి ఆ రోజు సమయం చాలదు. హడావుడిగా చెప్పడం నాకు ఇష్టం లేదు. దానికి మరొక ఆదివారం పూర్తిగా కేటాయిస్తాను. ఆ ప్రకటన ఎవరికి వర్తించింది, ఎవరికి వర్తించలేదు అన్నది పిల్లలకు అర్థమయ్యేలా ఎలా విప్పి చెప్పాలో మీరు ఇంకొంచెం రాస్తే, అమ్మా, అది చదివి సిద్ధమవుతాను.